వదులైన సెల్లు: టార్చిలో మినుకు, వేపింగ్ గొట్టంలో ముప్పు

చేతి టార్చి వెలుగుతూ వెలుగుతూ మినుక్కుమంటే అరచేత్తో ఒక దెబ్బ వేయడం, వెనుక మూత విప్పి స్ప్రింగును కాస్త పైకి లాగడం, అప్పటికీ వెలగకపోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితాన్ని మడిచి సెల్లు కింద పెట్టడం ఇంటింటా తెలిసిన వైద్యమే. జింకు సెల్లుల కాలంలో ఈ వైద్యం వల్ల పెద్దగా నష్టం జరగలేదు. ఇప్పుడు అదే ఆకారపు గొట్టాల్లోకి లిథియం అయాన్ సెల్లులు వచ్చాయి. సెల్లు మారింది గానీ చేతి అలవాటు మారలేదు. సెల్లు వదులుగా కదలడం పైకి ఒకే లోపంగా కనిపిస్తుంది. అది ఏ పరికరంలో ఉందన్న దాన్ని బట్టి చిన్న చికాకుగా ముగియవచ్చు, ప్రాణం మీదికీ తేవచ్చు. ఈ తేడా ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దేన్ని సరిచేసుకోవాలో, దేన్ని చేతితో కూడా తాకకూడదో తెలుస్తుంది.

రైలు పట్టణంలో రాత్రి వెలుగు

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలుతో పాటు పెరిగిన ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, నాగ్‌పూర్ నుంచి అసన్‌సోల్ వరకు వేసిన మార్గాన్ని 1891లో పూర్తి చేసింది. ఆ మార్గంలో బిలాస్‌పూర్ ముఖ్యమైన కూడలి అయింది. 1902లో తూర్పు కోస్తా రైలు మార్గపు ఉత్తర భాగం కూడా అదే సంస్థ చేతికి రావడంతో వాల్తేరు, విజయనగరం ప్రాంతాలకు మధ్య భారతంతో ఉద్యోగ బంధం ఏర్పడింది. 1931లో రాయ్‌పూర్–విజయనగరం మార్గం పూర్తయ్యాక ఆ బంధం మరింత దగ్గరైంది. ఆ సంస్థ రైల్వే కాలనీల్లో తెలుగు కుటుంబాలు తరాల తరబడి స్థిరపడటానికి మూలం ఇదే. 2003 నుంచి బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వే జోన్‌కు ప్రధాన కేంద్రంగా ఉంది. కోర్బా బొగ్గుతో వెళ్లే గూడ్సు బండ్లకు ఇక్కడ పగలూ రాత్రీ తేడా లేదు.

ఇటువంటి ఊరిలో టార్చి పనిముట్లలో ఒకటి. కీమ్యాన్, గేటుమ్యాన్, వర్షాకాలపు గస్తీకి వెళ్లే పెట్రోల్‌మ్యాన్ రాత్రి విధుల్లో మూడు రంగుల దీపంపై ఆధారపడతారు. బిలాస్‌పూర్ నుంచి కట్నీ వైపు వెళ్లే మార్గంలో భన్వార్‌టంక్ దగ్గర దట్టమైన అడవి, లోయలు, సొరంగం ఉన్నాయి. అటువంటి చోట వానకు కట్ట కోసుకుపోయినా, పట్టాలపై బండరాయి పడినా, ఎదురుగా వచ్చే బండిని ఆపే సాధనాల్లో ముఖ్యమైనవి: పట్టాలపై పేల్చే డిటోనేటర్లు, చేతిలోని ఎర్ర దీపం. ఆ క్షణంలో సెల్లు కదిలి దీపం ఆరిపోతే జరిగే నష్టం ఊహించలేనిది కాదు.

రైల్వే కాలనీ పక్కనే ఉన్న బుధ్‌వారీ బజారు వంటి మార్కెట్లలో టార్చీలు, గడ్డం ట్రిమ్మర్లు, చేతి ఫ్యాన్లు, పవర్ బ్యాంకులు మరమ్మతుకు వస్తూనే ఉంటాయి. హిందీలో ‘ఢీలా’ అన్నా, తెలుగులో ‘లూజు’ అన్నా ఫిర్యాదు ఒకటే: లోపల సెల్లు కదులుతోంది. వీటిలో చాలా పరికరాల లోపల ఉండేది ఒకే రకం సెల్లు.

18650 అనే అంకె చెప్పేది

చేతి వేలి కన్నా కాస్త లావుగా ఉండే ఆ లిథియం అయాన్ సెల్లును 18650 అంటారు. ఈ అంకెలోనే కొలత ఉంది. 18 అంటే వ్యాసం 18 మిల్లీమీటర్లు. 65 అంటే పొడవు 65 మిల్లీమీటర్లు. చివరి సున్నా అది గుండ్రటి గొట్టం ఆకారమని తెలుపుతుంది. అదే పద్ధతిలో 21700 అంటే 21 మిల్లీమీటర్ల వ్యాసం, 70 మిల్లీమీటర్ల పొడవు. లిథియం అయాన్ సెల్లు 1991లో తొలిసారి వాణిజ్యపరంగా మార్కెట్లోకి వచ్చింది. ఈ పరిజ్ఞానానికి పునాది వేసిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2019లో రసాయన శాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. ల్యాప్‌టాప్‌ల నుంచి విద్యుత్ వాహనాల దాకా ఈ సెల్లులు పనిచేస్తున్నాయి.

కొలత ఒకటే అయినప్పుడు ఒక టార్చిలో బిగుతుగా కూర్చున్న సెల్లు మరొక దానిలో ఎందుకు కదులుతుంది? అంకె ఒకటే అయినా సెల్లులన్నీ ఒకే పొడవులో ఉండవు. ధనధ్రువం చదునుగా ఉండే సెల్లు సుమారు 65 మిల్లీమీటర్లు ఉంటుంది. కొన్నిటికి ధనధ్రువంపై చిన్న బొడిపె ఉంటుంది. మరి కొన్నిటికి అడుగున చిన్న రక్షణ సర్క్యూట్ పలకను అతికిస్తారు. ఈ రెండూ కలిస్తే పొడవు 67 నుంచి 70 మిల్లీమీటర్ల దాకా పెరుగుతుంది. పొడవైన సెల్లు కోసం తయారైన టార్చిలో పొట్టి సెల్లు వేస్తే అది కదులుతుంది. పొట్టి సెల్లు కోసం చేసిన గొట్టంలో పొడవైనది దూర్చితే స్ప్రింగు అణగారి, తర్వాత మళ్లీ పొట్టి సెల్లు వేసినప్పుడు అందదు.

అందువల్ల వదులును రోగంగా కాక రోగలక్షణంగా చూడాలి. దాని వెనుక సాధారణంగా నాలుగు కారణాలు ఉంటాయి. మొదటిది, పొడవు సరిపోకపోవడం. రెండవది, వ్యాసం సరిపోక సెల్లు పక్కలకు ఊగడం. మూడవది, స్ప్రింగు బలం కోల్పోవడం. నాలుగవది, కొలతలన్నీ సరిగానే ఉన్నా లోహపు పలకలపై తుప్పో మురికో చేరడం. ఈ నాలుగింటిలో ఏదో తేల్చకుండా ఖాళీని ఏదో ఒక దానితో నింపడమే అసలు పొరపాటు.

సెల్లు ఒళ్లంతా రుణధ్రువమే

లిథియం సెల్లులో సామాన్యులు గమనించని ముఖ్యమైన విషయం ఒకటి ఉంది. 18650 సెల్లుపై కనిపించే రంగు తొడుగు పలుచని ప్లాస్టిక్ పొర మాత్రమే. దాని మందం మిల్లీమీటరులో పదో వంతు అటూ ఇటూ ఉంటుంది. దాని కింద ఉన్న ఉక్కు డబ్బా మొత్తం రుణధ్రువం. అడుగు భాగం ఒక్కటే రుణధ్రువం అనుకోవడం సరికాదు. పక్కలు కూడా రుణధ్రువమే. పైన ధనధ్రువపు బిళ్ల చుట్టూ ఉండే అంచు కూడా రుణధ్రువమే. ఆ అంచుకూ మధ్య బిళ్లకూ నడుమ ఉండే దూరం ఒకటి రెండు మిల్లీమీటర్లే. ఆ ఇరుకు చోటును కాపాడేది లోపలి రబ్బరు పట్టీ, పైన చిన్న కాగితపు వలయం, ఆ పలుచని తొడుగు మాత్రమే.

గొట్టంలో వదులుగా కదిలే సెల్లు ప్రతి కుదుపుకూ లోహపు గోడకు రాసుకుంటుంది. మోటారు సైకిల్ డిక్కీలోనో, ప్యాంటు జేబులోనో ఉన్న టార్చిలో రోజుకు వందల సార్లు ఇది జరుగుతుంది. ముందుగా చిరిగేది పై అంచు దగ్గర తొడుగే. అక్కడ వెండి కాగితపు ముక్కో, చిన్న నాణెమో, అయస్కాంతపు బిళ్లో పక్కకు జరిగి బిళ్లనూ అంచునూ ఒకేసారి తాకితే రెండు ధ్రువాలూ నేరుగా కలిసిపోతాయి. దీనినే షార్ట్ సర్క్యూట్ అంటారు. లిథియం సెల్లు అంతర్గత నిరోధం చాలా తక్కువ. అందుచేత అటువంటి క్షణంలో పదుల ఆంపియర్లు దాటి విద్యుత్తు ఒక్కసారిగా ప్రవహిస్తుంది.

ఆ వేడికి లోపల జరిగేది వరుస క్రమం. ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెల్సియస్‌ను సమీపించేసరికి ఎలక్ట్రోడ్‌పై ఉన్న రక్షణ పొర విచ్ఛిన్నం కావడం మొదలవుతుంది. సుమారు 130 డిగ్రీల దగ్గర రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న ప్లాస్టిక్ పొర కరుగుతుంది. ఆ తర్వాత వేడిని బయటి నుంచి ఎవరూ అందించనక్కరలేదు. సెల్లు తన వేడిని తానే పెంచుకుంటూ పోతుంది. లోపలి ద్రావకం మండే స్వభావం కలది. అది వాయువుగా మారి డబ్బాను చీల్చుకుని బయటికి వస్తుంది.

తెలుగు రాష్ట్రాలకు ఈ ప్రమాదం కొత్తది కాదు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ, విజయవాడలోనూ ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన విద్యుత్ స్కూటర్ బ్యాటరీలు పేలి చెరొక చోట ఒకరు చొప్పున మరణించారు. ఆ తర్వాత కేంద్రం వాహన బ్యాటరీల భద్రతా నిబంధనలను కఠినతరం చేసింది. వాహనంలో పెద్ద బ్యాటరీ ఉంటే, టార్చిలో ఉండేది ఒకే సెల్లు. పరిమాణం చిన్నదైనా లోపలి రసాయన స్వభావం అదే కోవకు చెందినది.

అదే వదులు, నాలుగు వందల రెట్ల వేడి

విద్యుత్ ప్రవాహం ఒక లోహం నుంచి మరొక లోహంలోకి దాటే చోట కొంత నిరోధం ఉంటుంది. రెండూ గట్టిగా ఒత్తుకుని ఉంటే అది దాదాపు లేనట్టే. వదులైతే కొన్ని చిన్న బిందువుల దగ్గరే లోహాలు తాకుతాయి. అప్పుడు నిరోధం పెరుగుతుంది. అక్కడ పుట్టే వేడి ప్రవాహపు వర్గానికి అనులోమంగా పెరుగుతుందన్నది పాఠశాలలో చెప్పే సూత్రమే. ప్రవాహం రెట్టింపైతే వేడి నాలుగింతలవుతుంది. పదింతలైతే వంద రెట్లవుతుంది.

వదులైన చోట నిరోధం 0.02 ఓమ్‌లు అనుకుందాం. సాధారణ టార్చి ఒక ఆంపియర్ తీసుకుంటే ఆ చోట పుట్టే వేడి 0.02 వాట్లు. చేతికి తెలియను కూడా తెలియదు. దీపం మినుక్కుమంటుంది, అంతే. అందుకే టార్చిలో వదులు చికాకుగానే మిగులుతుంది.

ఇదే సెల్లును యాంత్రిక వేపింగ్ పరికరం అనే లోహపు గొట్టంలో ఊహించాలి. విదేశాల్లో దీనిని ‘మెకానికల్ మాడ్’ అంటారు. దీనిలో ఎలక్ట్రానిక్ పలక ఉండదు. అడుగున ఒక నొక్కుడు మీట, మధ్యలో సెల్లు, పైన వేడెక్కే తీగచుట్ట ఉంటాయి. మీట నొక్కగానే సెల్లు విద్యుత్తు నేరుగా తీగచుట్టలోకి వెళుతుంది. గొట్టం గోడే తీగలా పనిచేస్తుంది. తీగచుట్ట నిరోధం 0.15 ఓమ్‌లు, సెల్లుతో సహా మిగతా మార్గం 0.03 ఓమ్‌లు, వదులైన చోటు 0.02 ఓమ్‌లు అనుకుంటే మొత్తం 0.20 ఓమ్‌లు. పూర్తిగా ఛార్జయిన సెల్లు వోల్టేజి 4.2. అంటే ప్రవాహం 21 ఆంపియర్లు. వదులైన ఆ ఒక్క బిందువు దగ్గర పుట్టే వేడి 8.8 వాట్లు. టార్చిలోని వేడి కన్నా ఇది నాలుగు వందల రెట్లకు పైగా ఎక్కువ. సన్నని పనులకు వాడే చిన్న సోల్డరింగ్ ఐరన్ మొన వేడితో దీనిని పోల్చవచ్చు. ఆ మొన సెల్లు కొసకు ఆనుకుని ఉందన్నమాట.

ఆ వేడికి స్ప్రింగు మెత్తబడుతుంది. మెత్తబడిన స్ప్రింగు సెల్లును మరింత వదులు చేస్తుంది. వదులు పెరిగితే వేడి పెరుగుతుంది. ఈ వలయాన్ని మధ్యలో తెంచే రక్షణ ఏదీ ఆ గొట్టంలో లేదు. మంచి టార్చిలోనూ, ఫోన్‌లోనూ ప్రవాహం హద్దు దాటితే ఆపే సర్క్యూట్ ఉంటుంది. యాంత్రిక గొట్టంలో ఆ పని వాడేవారి వేలు చేయాలి. మీట ఇరుక్కుపోతే వేలు కూడా ఏమీ చేయలేదు. ఎక్కువ సామర్థ్యం గల 18650 సెల్లుల్లో చాలా వాటికి నిరంతర ప్రవాహపు హద్దు 10 ఆంపియర్ల దగ్గరే ఉంటుంది. అంటే ఆ గొట్టం సెల్లు నుంచి లాగేది తయారీదారు అనుమతించిన దానికి రెట్టింపు కావచ్చు.

దీని ఫలితాలు విదేశాల్లో నమోదయ్యాయి. అమెరికా అగ్నిమాపక పాలనా సంస్థ 2017లో వెలువరించిన నివేదిక 2009 నుంచి 2016 వరకు ఈ-సిగరెట్ల వల్ల జరిగిన 195 అగ్ని ప్రమాదాలను, పేలుళ్లను లెక్కించింది. వాటిలో 133 సంఘటనల్లో మనుషులు గాయపడ్డారు. పరికరమో, విడి సెల్లో జేబులో ఉండగా జరిగినవి 61. ఆ తర్వాత 2018 మే నెలలో ఫ్లోరిడాలో, 2019 జనవరిలో టెక్సాస్‌లో వేపింగ్ పరికరాలు పేలి ఇద్దరు మరణించారు. 2021 జనవరిలో అమెరికా వినియోగదారుల భద్రతా సంస్థ విడి 18650 సెల్లులను సామాన్యులు కొని వాడవద్దని హెచ్చరించింది. బ్యాటరీ ప్యాకుల నుంచి వేరు చేసిన ఈ సెల్లుల లోహపు కొసలు బయటికి కనిపిస్తుంటాయని, జేబులోని తాళం చెవులు, నాణేలు తగిలితే చాలునని ఆ హెచ్చరిక సారాంశం.

మరమ్మతు ప్రశ్నకు చట్టం ఇచ్చిన జవాబు

భారతదేశంలో వేపింగ్ గొట్టంలోని వదులు సెల్లును ఎలా బిగించాలన్న ప్రశ్నకు సాంకేతికమైన జవాబు కన్నా ముందు చట్టపరమైన జవాబు ఉంది. 2019 సెప్టెంబరు 18న కేంద్రం ఆర్డినెన్సు ద్వారా ఈ-సిగరెట్లను నిషేధించింది. అదే ఏడాది డిసెంబరులో దాని స్థానంలో చట్టం వచ్చింది. ఉత్పత్తి, తయారీ, దిగుమతి, ఎగుమతి, రవాణా, అమ్మకం, పంపిణీ, ప్రకటనలు అన్నీ నేరాలే. మొదటి నేరానికి ఏడాది వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు జైలు, ఐదు లక్షల వరకు జరిమానా. నిల్వ ఉంచితే ఆరు నెలల వరకు జైలు, లేదా 50 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

‘ఇందులో ఎలక్ట్రానిక్ పలకే లేదు, ఇది ఉత్త లోహపు గొట్టం’ అనే వాదనకు చట్టం చోటివ్వలేదు. నికోటిన్ ఉన్నా లేకున్నా, ఏ పేరుతో పిలిచినా, ఏ ఆకారంలో ఉన్నా, పదార్థాన్ని వేడి చేసి పీల్చుకునే ఆవిరిని పుట్టించే పరికరాలన్నిటినీ అది ఒకే గాటన కట్టింది. ఆన్‌లైన్‌లో విడిభాగాలుగా తెప్పించి బిగించుకున్నా ఫలితం మారదు.

ఇంట్లో పిల్లల సంచిలోనో, అద్దె గదిలోనో ఇటువంటి గొట్టం కనిపిస్తే చేయవలసింది మరమ్మతు కాదు. మీట నొక్కకుండా, ఛార్జింగ్ పెట్టకుండా ముందు సెల్లును మెల్లగా బయటికి తీయాలి. దాని రెండు కొసలకూ ఇన్సులేషన్ టేపు అంటించాలి. గొట్టం వేడిగా ఉన్నా, లోపల సెల్లు ఉబ్బి బిగుసుకుపోయినా బలవంతంగా లాగకూడదు. ఆరుబయట ఇటుకలపైనో, ఇసుకలోనో ఉంచి దూరంగా జరగాలి. మానేయాలనుకునే వారికి ప్రభుత్వం నడుపుతున్న పొగాకు విరమణ ఉచిత ఫోన్ సేవ 1800112356 అందుబాటులో ఉంది. వదులైన సెల్లు ఇలా ఒక చెడ్డ అలవాటును బయటపెట్టే సూచన కూడా కావచ్చు. ఆ మాటను మందలింపుతో కాక ప్రమాదం గురించిన వివరంతో మొదలుపెట్టడం పెద్దలకు మేలు.

టార్చిలో వదులును సరిచేసే వరుస

టార్చి, ట్రిమ్మర్, చేతి ఫ్యాన్ వంటి తక్కువ ప్రవాహపు పరికరాల్లో వదులును ఇంట్లోనే సరిచేసుకోవచ్చు. పని మొదలుపెట్టే ముందు సెల్లును బయటికి తీసి ఎండ తగలని చోట, లోహం లేని పళ్లెంలో ఉంచాలి. ఆ తర్వాత కారణాన్ని ఒక్కొక్కటిగా తేల్చాలి.

ముందుగా తొడుగును చూడాలి. గోరంత చిరుగు ఉన్నా ఆ సెల్లును తిరిగి వేయకూడదు. డబ్బా నొక్కుకుపోకుండా, తుప్పు పట్టకుండా, ఉబ్బకుండా ఉంటే మరమ్మతుదారులు వేడికి ముడుచుకునే కొత్త ప్లాస్టిక్ తొడుగును, పైన కాగితపు వలయాన్ని వేసి ఇస్తారు. డబ్బాకు నొక్కు పడి ఉంటే ఆ సెల్లు పని ముగిసినట్టే.

తర్వాత లోహపు పలకలను శుభ్రం చేయాలి. దూదికి సర్జికల్ స్పిరిట్ అద్ది స్ప్రింగు కొసను, మూతలోని పలకను, మూత మరలను తుడవాలి. టార్చిలో గతంలో ఆల్కలైన్ సెల్లు కారి తెల్లని పొడి పేరుకుని ఉంటే, అది క్షారం గనుక రెండు చుక్కల నిమ్మరసంతో కరుగుతుంది. మామూలు జింకు సెల్లు కారితే అది ఆమ్ల స్వభావం కలది. దానికి తినే సోడా కలిపిన నీటితో తడిపిన దూది వాడాలి. ఏది వాడినా చివర్లో మంచినీటి దూదితో తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. మినుకు జబ్బుల్లో చాలా వరకు ఇక్కడే నయమవుతాయి.

మూడవ దశలో స్ప్రింగును పరీక్షించాలి. వేలితో నొక్కి వదిలితే వెంటనే పైకి రావాలి. మెత్తగా అణిగి ఉండిపోతే దానిని ఒకసారి మెల్లగా రెండు మూడు మిల్లీమీటర్లు లాగవచ్చు. మళ్లీ అణిగితే లాగడం మానేసి కొత్తది వేయించాలి. నల్లబడిన స్ప్రింగు వేడి తిన్నది. దానికి బలం తిరిగి రాదు.

నాలుగవ దశ పొడవు. టార్చితో పాటు వచ్చిన సెల్లు బొడిపె ఉన్నదా, చదునైనదా అన్నది గుర్తు చేసుకోవాలి. కొత్తగా కొన్నది చదునైనది అయితే దానికి బదులు బొడిపె ఉన్నది తీసుకోవడమే పరిష్కారం. ఖాళీని మరేదో ముక్కతో నింపడం పరిష్కారం కాదు. సెల్లుపై నేరుగా టంకం పోయకూడదు. ఆ వేడి లోపలి పొరలకు తగులుతుంది.

చివరిది పక్కల ఊపు. 21700 సెల్లు పట్టే టార్చిలో 18650 వేసినప్పుడు చుట్టూ మిల్లీమీటరున్నర ఖాళీ ఉంటుంది. దీనికి టార్చితో వచ్చే ప్లాస్టిక్ గొట్టపు తొడుగు వాడాలి. అది పోతే పలుచని ప్లాస్టిక్ పలకను చుట్టగా చేసి లోపల పెట్టవచ్చు. అది సెల్లు రెండు కొసలనూ కప్పకూడదు. టార్చిని బోర్లిస్తే సెల్లు తన బరువుకే జారి బయటికి రావాలి. ఇరుక్కుపోయేంత బిగుతు కూడా లోపమే.

రైల్వే ఇచ్చిన టార్చి విషయం వేరు. గస్తీ దీపం సొంత మరమ్మతుకు తగిన వస్తువు కాదు. విధికి వెళ్లే ముందు దానిని వెలిగించి, చేత్తో ఊపి, మూడు రంగులూ నిలకడగా వెలుగుతున్నాయో లేదో చూడాలి. ఒక్కసారి మినుక్కుమన్నా పై అధికారికి చెప్పి మార్పించుకోవాలి.

కొనేటప్పుడు, పారేసేటప్పుడు

మార్కెట్లో దొరికే కొన్ని 18650 సెల్లులపై 9900 మిల్లీ ఆంపియర్ అవర్ వంటి అంకెలు కనిపిస్తాయి. ఈ కొలతలో అంత సామర్థ్యం సాధ్యం కాదు. పేరున్న తయారీదారుల సెల్లులు సాధారణంగా 3500 దగ్గర ఆగిపోతాయి. అసలు సెల్లు బరువు 45 గ్రాముల అటూ ఇటూ ఉంటుంది. చేతికి బొత్తిగా తేలికగా అనిపిస్తే లోపల ఉన్నది వేరని అర్థం. భారత ప్రమాణాల సంస్థ నమోదు గుర్తు, ఐఎస్ 16046 అనే అంకె, ‘ఆర్’తో మొదలయ్యే నమోదు సంఖ్య ఉన్నాయో లేదో చూడాలి. పాత ల్యాప్‌టాప్ ప్యాకులను పగలగొట్టి తీసిన సెల్లులు ఎంత చవకైనా కొనదగినవి కావు.

విడి సెల్లును ఎప్పుడూ జేబులో వేసుకోకూడదు. చిన్న ప్లాస్టిక్ డబ్బాలో ఒంటరిగా ఉంచాలి. విమాన ప్రయాణంలో విడి లిథియం సెల్లులు కొసలు కప్పి చేతి సంచిలోనే ఉండాలి. లగేజీలో వేయడం నిషిద్ధం. వేసవిలో బిలాస్‌పూర్ ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డుపై టార్చిని వదిలేయడమూ ప్రమాదమే. ఛార్జింగ్ పరుపుపైన కాకుండా గచ్చుపైన, మనుషులు మెలకువగా ఉన్నప్పుడే పెట్టాలి.

సెల్లు నుంచి బుసలాంటి శబ్దం, ఘాటైన తియ్యని వాసన, చేతికి చురుక్కుమనే వేడి, ఈ మూడింటిలో ఏది కనిపించినా పరికరాన్ని వదిలేసి దూరం జరగాలి. మంట చిన్నదైతే దూరం నుంచి ఎక్కువ నీరు పోసి చల్లబరచవచ్చు. పెద్దదైతే 101కు గానీ, 112కు గానీ ఫోన్ చేయాలి. చర్మం కాలితే ఇరవై నిమిషాల పాటు పారే నీటి కింద ఉంచి వైద్యుడి దగ్గరికి వెళ్లాలి.

పనికిరాని సెల్లును ఇంటి చెత్తలో వేయకూడదు. చెత్త బండిలో నలిగితే అది అక్కడ మంటకు కారణమవుతుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీని వేరుగా ఉంచి అధీకృత సేకరణకు ఇవ్వడం వినియోగదారుల బాధ్యత. వెనక్కి తీసుకుని పునర్వినియోగానికి పంపించడం తయారీదారుల బాధ్యత. కొసలకు టేపు అంటించి ఇస్తే తీసుకునే చేతులకూ భద్రత.

సెల్లు కదిలినప్పుడు ముందు వేసుకోవలసిన ప్రశ్న ‘ఖాళీని దేనితో నింపాలి’ అన్నది కాదు. ‘ఈ ఖాళీ ఎందుకు వచ్చింది, ఈ పరికరంలో ప్రవాహాన్ని ఆపే రక్షణ ఉందా’ అన్నది. రక్షణ ఉన్న టార్చికి కొత్త స్ప్రింగో, సరైన సెల్లో సరిపోతుంది. ఏ రక్షణా లేని గొట్టంలో సెల్లును ఎంత గట్టిగా బిగించినా అది భద్రమైనది కాదు.